మూడు చుక్కల సీసా

లోకంలో విస్కీ కొనేవాళ్ళు ఎవరైనా ముందు పేరు చూస్తారు, తర్వాత ధర చూస్తారు, ఆ తర్వాత జేబు తడుముకుంటారు. గోటిదెబ్బ మాత్రం సీసాను తలకిందులు చేసి దాని అడుగు చూశాడు. ఆపైన చెవి దగ్గర పెట్టుకుని, కుడిచేతి చూపుడువేలి గోటితో ఒక్కటి తగిలించి, కళ్ళు మూసుకుని విని, పెదవి విరిచి బల్లమీద పెట్టేశాడు. అలా ఒకటీ రెండూ కాదు, పదిహేడు సీసాలు.

కొట్టాయన మొదటి మూడు సీసాలకు నవ్వాడు. ఆరో సీసాకు నవ్వు మానేశాడు. పదో సీసా దగ్గరికొచ్చేసరికి ఆయనకు చెమట పట్టింది.

"అయ్యా, తమరు ఆఫీసు నుంచి గానీ వచ్చారా?" అన్నాడు గొంతు బాగా తగ్గించి.

"ఏ ఆఫీసు?"

"అదేనండీ... ఆఫీసు."

"కాదు. ఇంటి నుంచే వచ్చాను."

దాంతో కొట్టాయనకు ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఇంటి నుంచి వచ్చామని చెప్పే ఇన్‌స్పెక్టర్లే అందరికంటే ప్రమాదమని ఆయన అనుభవం. గబగబా ఒక కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, కూర్చోమన్నాడు. గోటిదెబ్బ కూర్చోలేదు. కూర్చునే తీరిక అతనికి లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు అతను ఒక ఇంటి గుమ్మంలో ఉండాలి. చేతిలో ఒక సీసా ఉండాలి. ఆ సీసా తప్పయితే ఆ గుమ్మం ఇక ఈ జన్మకు తెరుచుకోదు.

ఇంతకీ ఈ గోటిదెబ్బ ఎవరంటే, గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు సీసాలు ఏరిన మనిషి. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. బట్టీలో పోసిన సీసాలు చల్లారాక అతని బల్ల మీదికి వచ్చేవి. గోటితో కొడితే మంచి సీసా ‘టింగ్’ మంటుంది, లోపల బీట ఉన్నది ‘టక్’ మంటుంది. ఈ రెంటికీ తేడా మనలాంటివాళ్ళకు పక్కింటి పిల్లి అరుపుకూ మనింటి పిల్లి అరుపుకూ ఉన్నంత. అతనికి మాత్రం పగలూ చీకటీ అంత. ఒకసారి జలుబు చేసి చెవులు దిబ్బడేస్తే, సీసాను పళ్ళ మధ్య బిగబట్టి గోటితో కొట్టి పళ్ళతో విన్నాడట. దీనికి సాక్షులు నలుగురున్నారు. నలుగురూ అబద్ధాలకోరులే గానీ ఈ ఒక్క సంగతిలో మాత్రం నలుగురిదీ ఒకే మాట. పెళ్ళయిన కొత్తలో అత్తగారు గాజు గ్లాసుతో మంచినీళ్ళిస్తే, తాగకుండా గోటితో కొట్టి, "అడుగున బుడగ ఉందండీ" అన్నాడు. ఆవిడ బతికున్నంత కాలం అల్లుడికి స్టీలు గ్లాసుతోనే ఇచ్చింది.

ఇన్ని సీసాలు చేతిలో ఆడించిన మనిషి లోపల పోసేది మాత్రం ఎరగడు. ఆ వాసన సోకితే చాలు, వరసగా తొమ్మిది తుమ్ములు. పది ఉండవు, ఎనిమిది ఉండవు. అలాంటివాడు పొద్దున్నే విస్కీ కొట్టు తలుపు తీయక ముందే వచ్చి నిలబడ్డాడంటే అదంతా అక్క కోసం.

అమ్మ పోయిననాటి నుంచి అతన్ని పెంచింది అక్కే. వయసులో తొమ్మిదేళ్ళు పెద్ద. ఆవిడను చేసుకున్న బావ అదే ఫ్యాక్టరీలో బట్టీ మేస్త్రి. ఆయన చేతి కింద పోసిన సీసా అడుగున నెలవంక గుర్తు ఉండేది. దాని పక్కన చుక్కలు: నెలలో మొదటి వారం పోస్తే ఒకటి, మూడో వారం పోస్తే మూడు. ఆ నెలవంక ఉందంటే కళ్ళు మూసుకుని లారీకి ఎక్కించవచ్చని పేరు.

పదకొండేళ్ళ కిందట ఒక నెల, మూడో వారం. బావ బట్టీలో పోసిన సీసాలు పద్దెనిమిది వేలు గోటిదెబ్బ బల్ల మీదికి వచ్చాయి. ‘టక్’. ‘టింగ్’. ‘టక్’. ‘టక్’. మెడలో వెంట్రుకంత బీట. ఆ రోజు అతను భోజనానికి లేవలేదు. చివరికి చీటీ మీద రాశాడు: "మెడ నిలవదు. మూత తిప్పితే ఊడి చేతికొస్తుంది. మొత్తం పనికిరాదు." బావ వచ్చి ఒక సీసా వెలుతురుకు పట్టి చూసి, "ఎక్కడరా బీట? నాకేం కనబడ్డం లేదే," అన్నాడు. గోటిదెబ్బ చీటీ మార్చలేదు. ఓనరు సీసాలన్నీ పిండి కొట్టి మళ్ళీ కరిగించమన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. అందరి ముందూ బావను బట్టీ దగ్గర్నుంచి తప్పించి, గాజు పెంకులు ఎత్తే పార చేతికివ్వబోయాడు. బావ ఆ పార ముట్టుకోలేదు. చొక్కా తగిలించుకుని గేటు దాటి, ఇంటికెళ్ళి అక్కతో ఒక్క మాటన్నాడు. "మీ తమ్ముడు ఈ గడప తొక్కితే నేను దిగి పోతాను."

అప్పట్నుంచీ అక్కాతమ్ముళ్ళకు బస్టాపే పుట్టిల్లయింది. ఆదివారం ఆదివారం ఇద్దరూ అక్కడ కలిసేవాళ్ళు. అక్క రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కేది. ఆ రెండు బస్సుల మధ్య దొరికిన కాలమే వాళ్ళ చుట్టరికం. పదకొండేళ్ళు అలాగే గడిచింది. పోయిన ఆదివారం అక్క మూడో బస్సు కూడా వదిలేసింది.

"ఒరేయ్, మేం వెళ్ళిపోతున్నాంరా. మీ బావ తమ్ముడి దగ్గరికి. రెండు పగళ్ళ ప్రయాణం. మళ్ళీ ఇటు వచ్చేది ఉండదు," అంది.

గోటిదెబ్బ నాలుగో బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు.

"ఆయన్నడిగాను. వెళ్ళే ముందు ఒక్కసారి వాణ్ణి భోజనానికి పిలుస్తానని. ఆఖరికి, ‘వస్తే రానీ, చేతులూపుకుంటూ మాత్రం రావద్దను’ అన్నాడు. ఆయనకి విస్కీ అంటే ఇష్టం. మంచిది చూసి పట్టుకురా."

"ఏది మంచిదే అక్కా?"

"నన్నడిగితే? నేనేమన్నా పూటకో గ్లాసు పుచ్చుకుంటున్నానా? ఒక్కటి గుర్తుపెట్టుకో. అది ఆయన మనసుకి పట్టకపోతే మొహం మీదే తలుపేస్తాడు. ఈసారి వేస్తే నావల్ల కూడా కాదు తియ్యడం."

అదీ సంగతి. అందుకే ఈ పదిహేడు సీసాలు. విస్కీ తెలీని మనిషి తనకు తెలిసిన విద్యతోనే విస్కీ ఏరుతున్నాడు. ఒకదాని మెడ వంకర. ఒకదాని అడుగు ఒక పక్క మందం. బంగారు కాగితం చుట్టిన ఒక పెద్దింటి సీసాలో ఆవగింజంత బుడగ. బావ కళ్ళబడితే ఆ బుడగ చాలు, నవ్వి తలుపేయడానికి.

పద్దెనిమిదోదాని కోసం వంగినప్పుడు కింది అరలో, అట్టపెట్టెల వెనకాల, దుమ్ములో ఒక భుజం కనబడింది. సీసా భుజం. మనుషుల్ని నడకను బట్టి గుర్తుపట్టినట్టు గోటిదెబ్బ సీసాల్ని భుజాల్ని బట్టి గుర్తుపడతాడు.

"అది తియ్యండి."

కొట్టాయన ముఖం సున్నం కొట్టినట్టయింది. "అది అమ్మకానికి కాదండీ! నేను ఈ కొట్టు కొన్నప్పుడు దుమ్ముతో పాటు వచ్చింది. పారేద్దామనే అనుకుంటున్నా, ఇవాళో రేపో..."

"తియ్యండి."

వచ్చింది. లేబులు సగం పురుగు తినేసింది. గోటిదెబ్బ తలకిందులు చేసి బొటనవేలితో అడుగు రుద్దాడు. దుమ్ము కింద నెలవంక. దాని పక్కన ఒకటి, రెండు, మూడు చుక్కలు. పక్కన అంకెల్లో అదే నెల, అదే సంవత్సరం.

ఈ సీసా లోకంలో ఉండడానికి వీల్లేదు. దీన్ని పిండి కొట్టేశామన్నారు. అంటే ఓనరు మేస్త్రి పరువు తీసి బయటికి పంపి, సరుకు మాత్రం గుట్టుగా అమ్ముకున్నాడన్నమాట. ఆ కోపం ఇలా వచ్చి అలా పోయింది. ఎందుకంటే దాని వెనకే ఇంకో సంగతి వచ్చి ఎదుట నిలబడింది. సీసా నిండుగా ఉంది. మెడ మొదలు దాకా ఉంది. పదకొండేళ్ళలో ఒక్క చుక్క కారలేదు.

మెడ నిలిచింది. తను నిలవదన్న మెడ.

"అంతకంటే మంచివి ఉన్నాయండీ," అంటున్నాడు కొట్టాయన. "అది తాగినవాడెవడూ మళ్ళీ వచ్చి అడగలేదు. వచ్చే ఓపిక మిగల్లేదో ఏమో..."

గోటిదెబ్బకు ఆ మాటలు వినపడడం లేదు. ముప్పై ఏళ్ళలో అతను రాసిన చీటీ ఒక్కటీ ఎవరూ కొట్టివేయలేదు. ఫ్యాక్టరీలో దేవుడు తప్పు చేశాడంటే నమ్మేవాళ్ళు గానీ గోటిదెబ్బ చేశాడంటే నమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడీ సీసా తీసుకెళ్ళి బావ చేతిలో పెడితే, ‘నేను పొరబడ్డాను, మీ బట్టీ ఆర్పింది నా పొరపాటే’ అని తన చేత్తో రాసిచ్చినట్టే. పెట్టకపోతే బంగారు కాగితం సీసా ఉండనే ఉంది. బావ అడుగున బుడగ చూస్తాడు. తలుపు పడుతుంది. అక్క రెండు పగళ్ళ దూరం వెళ్ళిపోతుంది.

"ఇదే ఇవ్వండి," అన్నాడు.

కొట్టాయన దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చి, అతను మలుపు తిరిగేదాకా నమస్కారం పెట్టిన చేతులు దించలేదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. సీసాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట లోలోపల నాలుగుసార్లు అనుకున్నాడు. ‘బావా, మీదే నిజం.’ మూడు ముక్కల మాట. ఒక్కోటీ ఇటుకంత బరువు. ఒకసారి అనేస్తే అయిపోతుంది కదా అనుకుని, కాగితం కాస్త విప్పి మెడ వైపు చూశాడు.

అప్పుడే బస్సు మలుపు తిరిగింది. ఎండ నేరుగా మెడ మీద పడింది. మూత అంచు కింద, వెంట్రుకంత గీత ఒకటి తళుక్కుమని ఆరిపోయింది.

కొట్లో పదిహేడు సీసాలూ గోటితో కొట్టి చూశాడు గానీ ఈ ఒక్కదాన్ని కొట్టలేదు. నెలవంక చూసిన తొందరలో చెయ్యి మరిచిపోయింది. ముప్పై ఏళ్ళలో కొట్టి చూడకుండా సీసా తీసుకోవడం ఇదే మొదలు. ఇప్పుడు చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంజను రొద, పక్కావిడ కోడలి మీద పితూరీలు, వెనక ఎవడిదో గురక, అన్నిటినీ పక్కకు తోసి గోటితో తగిలించాడు.

‘టక్.’

మెడ నిలిచింది. కానీ ముట్టుకోనంత వరకే నిలిచింది. మూత తిప్పిన నాడు చేతికొస్తుంది. చీటీలో ప్రతి అక్షరమూ నిజం.

దిగి వెనక్కి పోదామంటే టైము లేదు. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా అతని ప్రాణం మెడలోకి వచ్చింది, తనదో సీసాదో తెలీలేదు. అక్క ఇల్లు చేరేసరికి చొక్కా పిండుకునేలా ఉంది.

పదకొండేళ్ళ తర్వాత ఆ తలుపు అక్కే తీసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది, ఎవరో మనసు మార్చుకుంటారేమోనన్నట్టు.

ఇల్లంతా మూటలు. గోడలకు మేకులు మిగిలాయి, పటాలు తీసిన చోట గోడ కొత్తగా ఉంది. పెట్టెలన్నీ తాళ్ళతో బిగించి ఉన్నాయి. విప్పి ఉంచినవి రెండు కుర్చీలు, ఒక బల్ల, నాలుగు గ్లాసులు. ఒక కుర్చీలో బావ. రెండో దాంట్లో బుగ్గలాయన. ఈయన ఒకప్పుడు బట్టీలో గొట్టంతో గాజు ఊదినవాడు. ఊది ఊది బుగ్గలు అలాగే ఉండిపోయాయి. ఊరికే కూర్చున్నా ఏదో నములుతున్నట్టే ఉంటాడు.

"రా రా గోటిదెబ్బా! బతికే ఉన్నావన్నమాట. తలుపు గోటితో కొట్టి చూశావా లోపలికొచ్చే ముందు?" అన్నాడు బుగ్గలాయన.

బావ అతని వైపు చూడలేదు. అక్క వైపు చూసి అన్నాడు. "మీ తమ్ముణ్ణి కూర్చోమను."

"కూర్చోరా," అంది అక్క. ఎక్కడ కూర్చోవాలి? ఒక మూట మీద కూర్చున్నాడు. మూటలో గిన్నెలు కిర్రుమన్నాయి.

"ఏం తెచ్చాడో చూపించమను."

గోటిదెబ్బ లేచి, సీసాను బల్లమీద పెట్టి, కాగితం విప్పాడు. పురుగు తిన్న లేబులు చూసి బుగ్గలాయన పకపకా నవ్వాడు. "ఇదేం మందయ్యా బాబూ! దీంతో మేం గచ్చు కడిగేవాళ్ళం!"

బావ పళ్ళు బిగించి సీసా అందుకున్నాడు. విసిరేస్తాడేమో అనిపించింది. కానీ చెయ్యి అలవాటు చొప్పున తన పని తను చేసింది. సీసాను తలకిందులు చేసింది.

బొటనవేలు అడుగు మీద ఆగింది. నెలవంక దగ్గర ఒకసారి, చుక్కల దగ్గర మూడుసార్లు.

బావ సీసా మళ్ళీ నిలబెట్టి, మందు ఎంతవరకు ఉందో వేలితో తడిమాడు. మెడ మొదలు దాకా. మళ్ళీ తడిమాడు.

"పిండి కొట్టామన్నారుగా వెధవలు!" అన్నాడు బుగ్గలాయన. ఈసారి నవ్వలేదు.

"మీ తమ్ముణ్ణి అడుగు," అన్నాడు బావ. "ఆ రోజు చీటీలో ఏం రాశాడో అడుగు."

"మెడ నిలవదని రాశాను," అన్నాడు గోటిదెబ్బ.

"నిలిచిందా లేదా, అడుగు."

"నిలిచింది బావా."

అంతే. పదకొండేళ్ళు బిగిసిన బావ భుజాలు చూస్తుండగానే వదులయ్యాయి. అక్క కొంగుతో మూతి అదుముకుంది. గోటిదెబ్బ ఆ ఒక్క క్షణం బతికాడు. ఇక్కడితో లోకం ఆగిపోతే ఎంత బాగుండునో అనుకున్నాడు.

ఆగలేదు. "గ్లాసులు ఇటు పెట్టు," అన్నాడు బావ. ఎడంచేత్తో సీసా మెడ పట్టుకున్నాడు. కుడిచెయ్యి మూత మీద వేశాడు. బట్టీ సెగకు కాలి, మానిన అరచెయ్యి అది.

గోటిదెబ్బ నోరు తెరిచాడు. ఎదురుగా అక్క అతన్నే చూస్తోంది. చిన్నప్పట్నుంచీ తమ్ముడి ముఖం చదివిన మనిషి. ఏదో చెప్పబోతున్నాడని ఆవిడకు తెలిసిపోయింది. అది ఏమిటో తెలీదు గానీ, వద్దన్నట్టు కొద్దిగా, చాలా కొద్దిగా, తల అడ్డంగా ఊపింది.

చెప్తే మళ్ళీ బావ సీసాను పనికిరాదన్నట్టే, అదీ ఆయన ఇంట్లో, ఆయన నవ్వబోతున్న ముహూర్తాన. చెప్పకపోతే ఆ అరచెయ్యి తెగుతుంది. బావ మణికట్టు తిరగడం మొదలైంది.

"ఆగండి బావా!"

చెయ్యి ఆగింది.

"తిప్పొద్దు. మెడలో బీటుంది."

అక్క కళ్ళు మూసుకుంది. బావ లేచి నిలబడ్డాడు.

"చూశావా?" అన్నాడు అక్కతో. "చూశావా మీవాణ్ణి? నిలిచిందని నోటితో ఒప్పుకుని, గ్లాసులు రాకముందే మళ్ళీ మొదలెట్టాడు! నా ఇంట్లో కూడా తనిఖీయేనా? నా సీసా నా చేతిలో ఉండగా ఇంకా పనికిరాదనేనా?"

"కిటికీ దగ్గరికి పదండి, చూపిస్తాను. మూత అంచు కింద..."

బావ విసవిసా కిటికీ దగ్గరికి నడిచి సీసాను వెలుతురుకు పట్టాడు. కళ్ళు చికిలించాడు. దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. ఎక్కువసేపు చూశాడు. ఆ చూడ్డంలోనే గోటిదెబ్బకు అర్థమైంది, ఆయనకు కనబడడం లేదు. ఇవాళ కాదు, ఆ రోజూ కనబడలేదు. బట్టీ మంట చూసి చూసి ఆ కళ్ళు అప్పటికే అలిసిపోయాయి. మేస్త్రి ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"నాకేం కనబడ్డం లేదు," అన్నాడు బావ. అవే మాటలు. ఈసారి కోపం తక్కువ, ఇంకేదో ఎక్కువ.

బుగ్గలాయన వచ్చి తొంగిచూశాడు. "ఏమో, నాకూ కనబడ్డంలా. నాకు నీ ముక్కే సరిగా కనబడదనుకో."

బావ మళ్ళీ మూత మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడే తేలిపోతుంది."

గోటిదెబ్బ అడ్డం వెళ్ళి సీసా మీద చెయ్యి వేశాడు. "తేలాలంటే నేను తిప్పుతాను. నా మాట తప్పైతే మూత వస్తుంది, తిట్టండి, పోతాను. నిజమైతే నా చెయ్యి తెగుతుంది. మీది వద్దు."

బావ ఆ చేతి వైపు చూశాడు. చూపుడువేలి మీద ముప్పై ఏళ్ళుగా పెంచిన గోరు, పసుపుపచ్చగా, గట్టిగా. చెయ్యి వణకడం లేదు. వదలడమూ లేదు. సీసాను ఇద్దరూ చెరోవైపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. పెట్టెల మధ్య అక్క ఎటు అడుగెయ్యాలో తెలీక నిలబడింది.

"నీ చెయ్యి తెగితే మీ అక్క నన్ను బతకనిస్తుందట్రా?" అన్నాడు బావ.

పదకొండేళ్ళలో నేరుగా అతనితో అన్న మొదటి మాట అది. అన్నాక ఆయనే ఉలిక్కిపడ్డట్టు కనిపించాడు. వెంటనే అక్క మీద గర్జించాడు. "పట్టుకారు ఎక్కడ పెట్టావ్?"

"ఏ పట్టుకారు?"

"నా పట్టుకారు! మెడలు కోసేది!"

"అట్టడుగు పెట్టెలో. పొద్దుటే నాలుగు ముళ్ళేసి కట్టాను. ఇప్పుడు విప్పమంటారా?"

"విప్పు."

బట్టీలో మూతి చెడిన సీసాకు మెడ కోసే పద్ధతి ఒకటుంది. పట్టుకారు ఎర్రగా కాల్చి మెడను దాంతో పట్టుకోవాలి. గాజు సరిగ్గా వేడెక్కిన క్షణాన తీసి తడిగుడ్డ వేయాలి. కత్తితో కోసినట్టు మెడ ఊడివస్తుంది. ఒక్క ఊపిరి ముందైనా వెనకైనా సీసా మొత్తం పగిలిపోతుంది. అక్క సగం సామాను బయట పారబోసి పట్టుకారు తీసింది. సంగతి విన్నాక నడుం మీద చేతులు వేసుకుంది.

"మందు సీసా మీద నిప్పా? ఇల్లు ఖాళీ చేసి వెళ్దామనుకున్నాం గానీ తగలబెట్టి వెళ్దామనుకోలేదు కదండీ!"

తిడుతూనే బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెరట్లో పెట్టింది. పొయ్యి మీద పట్టుకారు ఎర్రబడింది. గోటిదెబ్బ గచ్చు మీద కూర్చుని సీసాను మోకాళ్ళ మధ్య బిగించాడు. బావ పట్టుకారు తెచ్చి, వేళ్ళతో మెడ తడిమి చోటు చూసుకుని, బీట ఉందన్న చోటికి బాగా కింద పట్టించాడు. బుగ్గలాయన గడప దాటి బయటికి రాలేదు. అక్కణ్ణుంచే ధైర్యం చెప్పాడు.

"రంగు చూసి చెప్పేవాణ్ణి నేను," అన్నాడు బావ మెల్లగా, ఒక్క గోటిదెబ్బకే వినపడేలా. "ఇప్పుడు రంగు తెలీడం లేదురా. నువ్వు విని చెప్పు."

గోటిదెబ్బ చెవి వంచాడు. సెగ చెంపను కాలుస్తోంది. గాజు ముందు ఏమీ అనలేదు. తర్వాత దోమ రొదలా సన్నగా మొదలెట్టింది. రొద పెరిగింది. ఇంకా కాదు. ఇంకా కాదు. అక్క తడిగుడ్డ పట్టుకుని వంగి ఉంది, గుడ్డ నుంచి నీళ్ళు ఆవిడ పాదం మీద కారుతున్నాయి.

"ఇప్పుడు!"

పట్టుకారు తప్పుకుంది. గుడ్డ పడింది. ‘టింగ్’ మంది.

మెడ, మూతతో సహా, బావ చేతిలో ఉంది. సీసా మోకాళ్ళ మధ్య కదలకుండా ఉంది, అంచు గీత గీసినట్టుంది. చుక్క ఒలకలేదు. మందు వాసన గుప్పున లేచింది. గోటిదెబ్బ తుమ్మాడు. తొమ్మిది తుమ్ములూ ఆగేదాకా బుగ్గలాయన గట్టిగా లెక్కపెట్టాడు.

బావకు అవేవీ పట్టలేదు. మెడను గుడ్డలో పెట్టి, రెండు వేళ్ళతో మూతను కొంచెం, ఊరికే కొంచెం తిప్పాడు. మెడ రెండు ముక్కలై గుడ్డలో పడింది. ఆ ముక్క అంచును బొటనవేలి కొసతో తడిమాడు. కళ్ళకు కనబడనిది వేలికి తెలిసింది.

"మరి గోటిదెబ్బే గెలిచాడన్నమాట," అన్నాడు బుగ్గలాయన.

"నోరుమూసుకో," అన్నాడు బావ. "పదకొండేళ్ళు ఆగింది. అది చూడు." రెండు ముక్కలూ గుడ్డలో మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

లోపలికొచ్చాక అక్క శుభ్రమైన గుడ్డ నాలుగు మడతలు వేసి మందు వడగట్టింది. బావ ఒక గ్లాసు నింపి, తను తాగకుండా బావమరిది ముందు పెట్టాడు.

"నేను తాగను బావా, మీకు..."

"తాగమని ఎవడన్నాడు? మెడ కోసిన సీసా. గాజు రవ్వ ఏదైనా పడిందేమో చూసి చెప్పు."

గోటిదెబ్బ గ్లాసు అందుకుని కిటికీ వెలుతురుకు పట్టాడు. పై నుంచి చూశాడు, కింది నుంచి చూశాడు. మెల్లగా తిప్పాడు, ఆగనిచ్చాడు, మళ్ళీ తిప్పాడు. బావ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాచుకు కూర్చున్నాడు. ఒకప్పుడు ఆయన పోసిన సీసాలు లక్షల్లో గోటిదెబ్బ చేతుల్లోంచి దాటి వెళ్ళాయి. ఇప్పుడు ఆయన గొంతులోకి పోయే మందు వెళ్తోంది.

"పాసు," అన్నాడు గోటిదెబ్బ.

బావ గ్లాసు తీసుకుని, ఇంకోసారి చూసుకోకుండా, ఒక్క గుక్కలో తాగేశాడు. ముఖం కాకరకాయలా ముడుచుకుపోయింది.

"ఛీ! ఏం మందురా ఇది! పెట్రోలు నయం! కొట్లో ఇంకేం దొరకలేదా నీకు?"

"సీసా చూసి కొన్నాను బావా."

"సీసా చూసి కొన్నాడట!" బావ నవ్వు ముందు దగ్గులా మొదలై, తర్వాత నిజంగానే నవ్వయింది. బుగ్గలాయన గచ్చు కడిగే మందని వెక్కిరించింది మరిచిపోయి గ్లాసు ముందుకు జరిపాడు. బావ దాన్ని నింపి, పరిచి ఉన్న సామాను వైపు, విప్పిన తాళ్ళ వైపు చూశాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్. గాజు సామాను నువ్వే కట్టాలి. మీ అక్క కడితే మలుపు దాటకుండానే పెంకులవుతాయి."

"అవును, ఇన్నేళ్ళూ నేను పెంకుల్లోనే వండి పెట్టాను," అంది అక్క. తమ్ముడి ముందు కంచం పెట్టి, పక్కన మంచినీళ్ళు పెట్టింది. గాజు గ్లాసుతో.

గోటిదెబ్బ దాన్ని కొట్టి చూడకుండానే తాగాడు.